సైన్యం నుంచి పోలీసు స్టేషన్‌కి: సీమ జవాన్లకు అసలు చిక్కు ఎక్కడుంది?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామంది ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరేళ్లకే పెన్షన్‌తో ఇంటికొస్తారు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు. ఇంటి లోను తీరి ఉండదు. ఒంట్లో సత్తువ ఉంటుంది. "ఇన్నేళ్లు తుపాకీ పట్టినావు, పోలీసు ఉద్యోగం నీకొక లెక్కనా?" అని బంధువులు అంటారు. నిజానికి తుపాకీ పట్టిన అనుభవం ఆ ఉద్యోగం తెచ్చుకోవడానికి పెద్దగా పనికిరాదు. వచ్చాక చేయడానికి ఇంకా తక్కువ. సైన్యం ఇచ్చినవాటిలో పనికొచ్చేవి వేరే ఉన్నాయి. అవేంటో, ఏ అడ్డంకి ఎక్కడ ఎదురవుతుందో ముందే తెలిస్తే ఈ రెండో ఉద్యోగం చక్కగా కుదురుతుంది. తెలియక పరీక్షలోనో, చేరిన తొలి రెండేళ్లలోనో నలిగిపోయేవాళ్లు ఎక్కువ. అందుకే ఇదంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు, ఎవరికి ఏ హోదా అనేది తేల్చుకోవాలి. ఆర్మీలో పదిహేడేళ్లు చేసి వచ్చిన నాయక్‌ని, సీఆర్‌పీఎఫ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌ని, నాలుగేళ్ల అగ్నివీర్‌ని ఊరు ఒకే తీరున "మిలిటరీవాళ్లు" అంటుంది. నియామక నిబంధనలు మాత్రం ముగ్గురినీ వేరువేరుగా చూస్తాయి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో రెగ్యులర్‌గా పనిచేసి పెన్షన్‌తో దిగినవాళ్లు, నిర్ణీత కాలం పూర్తిచేసుకుని గ్రాట్యుటీతో వచ్చినవాళ్లు, సర్వీసు కారణంగా అనారోగ్యం పాలై మెడికల్ గ్రౌండ్స్ మీద పెన్షన్‌తో వచ్చినవాళ్లు మాజీ సైనికుల లెక్కలోకి వస్తారు. మధ్యలో తనంతట తాను వదిలేసి వచ్చినవాళ్లు సాధారణంగా రారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వంటివి కేంద్ర హోం శాఖ కింద ఉండే బలగాలు. వాటి రిటైర్డ్ సిబ్బందికి 2012లో కేంద్రం వేరే గుర్తింపు ఇచ్చింది, కానీ దానివల్ల మాజీ సైనికుల కోటా దక్కదు. అప్లికేషన్‌లో ఆ గడి టిక్ చేసి, చివరకు సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కి రావడం కంటే బాధాకరమైనది లేదు.

అగ్నివీర్ల సంగతి ఇంకా సున్నితం. 2022 జూన్‌లో అగ్నిపథ్ (అగ్నివీర్లను తీసుకునే పథకం) ప్రకటించినప్పుడే షరతులు స్పష్టంగా చెప్పారు. నాలుగేళ్ల సర్వీసు, బ్యాచ్‌లో 25 శాతం వరకు మాత్రమే కొనసాగింపు, మిగిలినవాళ్లకు దాదాపు 11.71 లక్షల సేవానిధి. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. తొలి బ్యాచ్ శిక్షణలో చేరింది 2022 చివర, 2023 మొదట్లో. కాబట్టి వాళ్ల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పోస్టుల్లో మాజీ అగ్నివీర్లకు 2023లో 10 శాతం రిజర్వేషన్‌తో మొదలుపెట్టారు. వయసులో తొలి బ్యాచ్‌కు అయిదేళ్లు, తర్వాతివారికి మూడేళ్లు సడలింపు, దేహదారుఢ్య పరీక్ష నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. ఉత్తరప్రదేశ్ 2025లో తన పోలీసు నియామకాల్లో వాళ్లకు 20 శాతం పక్కన పెట్టింది. రాష్ట్ర పోలీసు ఉద్యోగాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చుకునేవి. వేరే రాష్ట్రం వార్త చూసి ఇక్కడా అంతే అనుకోకుండా, మన నోటిఫికేషన్‌లో "మాజీ సైనికులు" అని ఉందా, "మాజీ అగ్నివీర్లు" అని ప్రత్యేకంగా రాశారా చూసుకోవాలి. చదువు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. పదో తరగతితో అగ్నివీర్‌గా చేరిన కుర్రాడికి ఏపీ కానిస్టేబుల్ పోస్టుకు ఇంటర్ కావాలి. ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల) ద్వారా పన్నెండో తరగతి సర్టిఫికెట్, ఇగ్నో ద్వారా డిగ్రీ తెచ్చుకునే ఏర్పాటు సర్వీసులో ఉండగానే ఉంది. దాన్ని వాడుకోకుండా బయటికొస్తే చేతిలో డబ్బున్నా తలుపు మూసే ఉంటుంది.

వయసు గురించి మాత్రం పెన్షన్‌తో వచ్చినవాళ్లు అనవసరంగా భయపడతారు. రాష్ట్ర సర్వీసు నిబంధనల ప్రకారం, సైన్యంలో చేసిన సర్వీసునూ దానికి తోడు మరో మూడేళ్లనూ అసలు వయసులోంచి తీసేస్తారు. మిగిలింది గరిష్ఠ వయసు లోపు ఉంటే చాలు. పంతొమ్మిదేళ్లకు చేరి పదిహేడేళ్లు చేసినవాడికి ముప్ఫై ఆరు. అందులోంచి పదిహేడూ, మూడూ తీసేస్తే పదహారు. అడ్డంకే లేదు. కోటా కూడా ఉంది, డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో మాజీ సైనికులకు 2 శాతం. ప్రిలిమినరీ రాతపరీక్షలో ఓసీలకు 40 శాతం, బీసీలకు 35 శాతం మార్కులు రావాలి, మాజీ సైనికులకు 30 శాతం వస్తే చాలు. ఈవెంట్స్‌లోనూ సడలింపు ఉంది. 1600 మీటర్ల పరుగు మామూలు అభ్యర్థి 8 నిమిషాల్లో ముగించాలి, మాజీ సైనికుడికి 9 నిమిషాల 30 సెకన్లు. వంద మీటర్లకు 15 సెకన్లకు బదులు 16.5 సెకన్లు. లాంగ్‌జంప్ 3.80 మీటర్లకు బదులు 3.65.

ఇక్కడే చాలామంది జవాన్ల లెక్క తప్పుతుంది. రోజూ పొద్దున అయిదు కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి ఈవెంట్స్‌లో ముందుంటాడు, ముందున్నాడు గనక ఉద్యోగం వచ్చేస్తుందనుకుంటాడు. సివిల్ కానిస్టేబుల్‌కు ఈవెంట్స్ పాసైతే చాలు, అవి మార్కులు తెచ్చిపెట్టవు. ఆరు నిమిషాల్లో పరిగెత్తినా, ఏడున్నరకు వచ్చినా ఒకటే. ఉద్యోగాన్ని తేల్చేది ఫైనల్ రాతపరీక్షలో 200 మార్కులు. అర్థమెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్, జనరల్ సైన్స్, చరిత్ర, పాలిటీ, భూగోళం, వర్తమాన విషయాలు. కర్నూల్లోనో నంద్యాల్లోనో కోచింగ్ సెంటర్‌లో రెండేళ్లుగా ఇదే పనిగా కూర్చున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు పోటీ. ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) బెటాలియన్ పోస్టులకు మాత్రం లెక్క వేరు. అక్కడ రాతపరీక్షకు 100 మార్కులు, ఈవెంట్స్‌కు 100. సైన్యం నేర్పిన కాళ్లకు అసలైన విలువ దొరికేది అక్కడే.

పోస్టు ఎంచుకునేటప్పుడు ఈ తేడాను ఇంటి పరిస్థితితో కలిపి చూడాలి. కర్నూలులో రెండో బెటాలియన్, అనంతపురంలో పద్నాలుగో బెటాలియన్, కడప జిల్లా భాకరాపేటలో పదకొండో బెటాలియన్ ఉన్నాయి. అక్కడి బతుకు జవాన్‌కు పాత బతుకులాగే ఉంటుంది: కంపెనీ, ప్లటూన్, పరేడ్, బ్యారక్, ఎక్కడ గొడవైతే అక్కడికి బండెక్కడం. అలవాటైన పనే గనక తొందరగా కుదురుకుంటారు. కానీ పదిహేడేళ్లు భార్యాపిల్లలకు దూరంగా ఉండి, ఇక ఇంటి దగ్గర ఉందామని ఈ ఉద్యోగానికి వస్తున్నవాళ్లు ఆలోచించుకోవాలి. బెటాలియన్ కంపెనీ రాష్ట్రంలో ఎక్కడికైనా పోతుంది. సివిల్ కానిస్టేబుల్‌ది జిల్లా కేడర్. సొంతూరి స్టేషన్ దొరక్కపోయినా, జిల్లా దాటకుండా గడుస్తుంది. నన్నడిగితే, పుస్తకం ముందు కూర్చోగలిగినవాళ్లు సివిల్‌కే ప్రయత్నించాలి.

లోకల్ హోదా దగ్గర సరిహద్దు ఊళ్లవాళ్లు జాగ్రత్తపడాలి. నాలుగు నుంచి పది వరకు ఎక్కడ చదివారనే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆలూరు, రాయదుర్గం వైపు పిల్లలు బళ్లారిలో చదువుకోవడం మామూలే. అలా చదివినవాళ్లకు సొంత జిల్లాలోనే నాన్‌లోకల్ అయ్యే చిక్కు వస్తుంది.

ఇంకొక్క హెచ్చరిక. 2022 నవంబర్ 28న వచ్చిన నోటిఫికేషన్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులున్నాయి: సివిల్ 3,580, ఏపీఎస్పీ 2,520. ప్రిలిమినరీ 2023 జనవరి 22న జరిగింది. ఫైనల్ రాతపరీక్ష 2025 జూన్ 1న. మధ్యలో రెండేళ్ల నాలుగు నెలలు. పెన్షన్ ఒక్కటే ఆధారంగా అన్నాళ్లు కోచింగ్ గదిలో ఎదురుచూడటం సంసారి మనిషికి కష్టం. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (మాజీ సైనికులను మళ్లీ తీసుకునే సైనిక కాపలా దళం) గానీ, బ్యాంకు గార్డు ఉద్యోగం గానీ పట్టుకుని పక్కనే చదువుకోవడంలో తప్పేమీ లేదు.

స్టేషన్లో పని వేరు

ఉద్యోగం వచ్చింది, శిక్షణా అయిపోయింది. అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది.

పత్తికొండ పక్కన ఒక పల్లె అనుకుందాం. రాత్రి తొమ్మిదిన్నర. ఒకాయన తలకు టవల్ చుట్టుకుని స్టేషన్‌కి వచ్చాడు, టవల్ నిండా రక్తం. "సార్, మా అన్న గట్టు దున్నేసినాడు. అడిగితే పార తిప్పి కొట్టినాడు." వెనకాలే ఇద్దరు ఊరి పెద్దలు. "కేసు వద్దు సార్, పొద్దున మేము కూచోబెట్టి మాట్లాడతాం." ఎస్ఐ ఎక్కడో బందోబస్తులో ఉన్నాడు. స్టేషన్లో ఉన్నది రైటర్ (రికార్డులు రాసే కానిస్టేబుల్), సెంట్రీ, కొత్తగా వచ్చిన మన మాజీ నాయక్.

సైన్యం నేర్పిన బుద్ధి వెంటనే ఒకటి చెబుతుంది: కొట్టినవాణ్ణి పట్టుకురా. స్టేషన్ పని అక్కడ మొదలవదు. ముందు గాయపడినవాణ్ణి ఆస్పత్రికి పంపాలి, ఎందుకంటే గాయం మామూలుదా తీవ్రమైనదా అని డాక్టర్ రాసేదే కేసుకు ఆధారం. తర్వాత అతను చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. పార అంచు తగిలిందా, కర్ర తగిలిందా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) అయితే, పెద్దమనుషులు రాజీ చేస్తామన్నారని ఎఫ్ఐఆర్ ఆపడానికి వీల్లేదు. 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. కొట్టిన అన్నకు అరవై రెండేళ్లనుకోండి. పెట్టిన సెక్షన్‌కు శిక్ష మూడేళ్లలోపే ఉంటే, అరవై దాటిన మనిషిని డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. అరెస్టు చేయాల్సి వస్తే మెమో రాయాలి. దానిమీద ఇంట్లోవాళ్లో, ఊళ్లో మర్యాదస్తుడో సాక్షి సంతకం పెట్టాలి. కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లాలి. పార స్వాధీనం చేసుకోవడానికి మధ్యవర్తుల ముందు పంచనామా కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సంహిత ప్రకారం సోదా, స్వాధీనం రెండూ ఫోన్లో వీడియో కూడా తీయాలి. ఇక ఆ అన్న స్టేషన్లో కూర్చుని "అవును, నేనే కొట్టినా" అని ఒప్పుకున్నాడనుకోండి. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో అతనిమీద సాక్ష్యంగా చెల్లదు.

ఈ మొత్తంలో బలం వాడాల్సిన చోటు ఒక్కటీ లేదు. చేతిలో ఉన్నవి పెన్ను, ఫోను, ఓపిక. "ఏక్ గోలీ, ఏక్ దుష్మన్" అని ఫైరింగ్ రేంజిలో నేర్చుకున్న మనిషికి ఇది కొత్త లోకం. ఎదుట ఉన్నవాళ్లలో దుష్మన్ ఎవరూ లేరు. కొట్టినవాడూ పౌరుడే, రేపు పొద్దున అదే గట్టు మీద తమ్ముడి ఎదురుగా నిలబడాల్సినవాడే.

ఇంకో తేడా అంత తొందరగా కనిపించదు గానీ ఇదే పెద్దది. సైన్యంలో సిపాయి ఎప్పుడూ ఒక కమాండ్ కింద ఉంటాడు. పక్కన సెక్షన్ కమాండర్, పైన ప్లటూన్ కమాండర్. బీట్‌కు వెళ్లిన కానిస్టేబుల్ ఒక్కడే. తాగి రోడ్డుమీద పడుకున్నవాణ్ణి ఇంటికి పంపాలా, స్టేషన్‌కు తేవాలా? మొగుడు కొట్టాడని ఏడుస్తున్న ఆడమనిషి కంప్లైంట్ ఇవ్వనంటే ఏం చేయాలి? ఆ నిమిషంలో నిర్ణయం తనదే, రేపు కోర్టులో జవాబూ తనదే. పైవాడు చెప్పాడన్నది అక్కడ నిలవదు. "ఆర్డర్ అంటే ఆర్డర్" అని పెరిగిన మనిషి, చట్టానికి విరుద్ధమైన మాట చెప్పిన పైఅధికారికి "ఇది కుదరదు సార్" అని మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలి. లాకప్‌లో చేయిచేసుకునే విషయంలో ఈ మాట మరీ అవసరం. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు, కస్టడీకి పెట్టిన నియమాలు కానిస్టేబుల్ నుంచి ఎస్పీ దాకా అందరికీ వర్తిస్తాయి. ఎవరో చెప్పారని కొట్టి, చివరకు ఉద్యోగం పోగొట్టుకునేది కొట్టిన చేయే.

గుంపుల్ని అదుపు చేసే పనిలో కూడా ఇదే. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం తీసుకోండి. మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం వేలమంది కర్రలు, కాగడాలతో కొండ కింద చీకట్లో కలబడతారు. ఏటా తలలు పగులుతాయి. బయటి కంటికి అది అల్లరిమూక. అక్కడి జనానికి అది మొక్కు. పోలీసులు ఆ రాత్రి గుంపును చెదరగొట్టడానికి వెళ్లరు. ప్రాణాలు పోకుండా చూడటానికి వెళ్తారు. అసలు పని అంతకుముందే జరుగుతుంది. ఊళ్లలో మీటింగులు పెట్టి పెద్దల్ని ఒప్పించడం, గొడవలు చేసేవాళ్లను బైండోవర్ చేయడం (శాంతిగా ఉంటామని ముందే పూచీకత్తు రాయించుకోవడం), సారా, మద్యం రాకుండా దారులు కాయడం, వైద్య శిబిరాలు పెట్టించడం. గుంపు చట్టవిరుద్ధమైనా సరే, దాన్ని చెదరగొట్టమనే అధికారం మేజిస్ట్రేట్‌కో, స్టేషన్ ఇన్‌చార్జికో, ఎస్ఐకి తగ్గని అధికారికో ఉంటుంది. అదీ పొమ్మని చెప్పి చూశాకే. సైన్యాన్నే పిలవాల్సి వస్తే కూడా వీలైనంత తక్కువ బలం, వీలైనంత తక్కువ హాని అని చట్టమే చెబుతోంది.

అలాగని సైన్యం నేర్పినదంతా వదిలేసి రమ్మని కాదు. స్టేషన్లో మాజీ సైనికుడు నిజంగా మెరిసే చోట్లున్నాయి. రాళ్లు పడుతున్నా పక్కవాణ్ణి వదిలి పరిగెత్తడు. రాత్రి గస్తీలో నిద్రపోడు. రక్తం చూసి కంగారుపడడు, టూర్నికే (రక్తం ఆపే పట్టీ) కట్టడం తెలుసు. శేషాచలం, లంకమల అడవుల్లో ఎర్రచందనం దొంగల కోసం వెళ్లినప్పుడు నేలను, జాడలను చదవగలడు. కులం పేరో, పార్టీ పేరో చెప్పి ఒత్తిడి తెచ్చేవాళ్లు స్టేషన్‌కు వచ్చినప్పుడు, అన్ని రాష్ట్రాలవాళ్లతో ఒకే లంగర్‌లో తిన్న మనిషికి నిబ్బరం కాస్త ఎక్కువే ఉంటుంది. ఫ్యాక్షన్ చూసిన మన ప్రాంతంలో ఆ నిబ్బరం అవసరం అందరికీ తెలుసు.

హోదా, జీతం

హవల్దార్‌గా పదిమందిని నడిపినవాడు ఇక్కడ మళ్లీ పీసీ, అంటే మామూలు కానిస్టేబుల్. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ఎస్ఐకి సెల్యూట్ కొట్టాలి. సైన్యంలో చేసిన ఏళ్లు ఇక్కడి సీనియారిటీలో కలవవు. కొందరు దీన్ని మనసుకు తీసుకుంటారు, లోపల లోపల కుమిలిపోతారు. చేరకముందే ఇంట్లో కూర్చుని ఈ మాట మాట్లాడుకోవాలి. ఇంకోటి కూడా మాట్లాడుకోవాలి. కశ్మీర్‌లో, ఈశాన్యంలో పనిచేసి వచ్చిన కొందరికి నిద్ర సరిగా పట్టదు, చిన్న శబ్దానికి ఉలిక్కిపడతారు, కోపం ఆగదు. ఆ టెన్షన్‌ను యూనిఫాం కింద దాచుకుని స్టేషన్‌కు వెళ్తే అది జనం మీద పడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడం చిన్నతనం కాదు.

డబ్బు సంగతి తేలికే. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ స్కేలు 25,220–80,910. కొత్త ఉద్యోగం వచ్చిందని సైన్యం పెన్షన్ ఆగదు. అయితే ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మళ్లీ ఉద్యోగంలో చేరిన సంగతి రాయాలి. దాస్తే తర్వాత రికవరీ రావచ్చు. రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, కాబట్టి రెండో సర్వీసుకు మొదటిదానిలాంటి పెన్షన్ రాదు. రిటైర్మెంట్ 62 ఏళ్లకు. ముప్ఫై ఆరేళ్లకు చేరినవాడికి పాతికేళ్ల పైమాటే.

తయారీ సర్వీసు చివరి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు తీసుకోవడం మొదటి పని. రెండోది తెలుగు రాత. పదిహేడేళ్లు హిందీలో మాట్లాడి, హిందీలో రిపోర్టు ఇచ్చినవాళ్లకు తెలుగులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయడం కష్టమవుతుంది. సీమ స్టేషన్లలో స్టేట్‌మెంటు, పంచనామా తెలుగులోనే రాస్తారు. కాబట్టి రోజుకో పేజీ రాయాలి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చూశారు అన్న వరుసలో. శిక్షణ ఇచ్చే కాలేజీల్లో మాజీ సైనికులకు ఈ రాతపనికీ, చట్టానికీ కొన్ని వారాలు అదనంగా కేటాయిస్తే ఎంతో మేలు. డ్రిల్లులో వాళ్లకు నేర్పాల్సింది ఎలాగూ తక్కువే.

సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఒకరోజు జిల్లా కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. విచారణ చాలావరకు బహిరంగంగానే జరుగుతుంది. సాక్షి బోనులో నిలబడ్డ కానిస్టేబుల్‌ని డిఫెన్స్ లాయర్ అడిగే ప్రశ్నలు వినండి. పంచనామా ఎన్ని గంటలకు రాశారు, ఎవరి చేతిరాత, మధ్యవర్తులది ఏ ఊరు, వీడియో ఎవరు తీశారు. అప్పుడు శిక్షణలో దేనిమీద ఎక్కువసేపు కూర్చోవాలో మీకే తెలిసిపోతుంది.